పదిన్నరకి తలుపవతల

దెయ్యం ఉందని ఎవరైనా అంటే ముందు నవ్వేది నేనే. ఉక్కు కర్మాగారంలో కన్వేయర్ బెల్టుల మరమ్మతు నా పని. బెల్టు గ్యాలరీలో ఒక మూల ఎవరో మూలుగుతారని మావాళ్లు అటు పోరు. నేను అక్కడే కూర్చుని క్యారేజీ విప్పేవాణ్ని. గాలి తగిలే చోటు అదొక్కటే.

ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది దాచితే మిగతాది చెప్పడానికి లేదు.

నా భార్య రత్నానిది యారాడ. సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబం. పెళ్లయ్యాక ఉక్కునగరం క్వార్టర్‌లోనే ఉంటున్నాం. రెండేళ్ల కిందట ఆమె బరువు తగ్గడం మొదలైంది. చేతులు వణికేవి. చలికాలంలో కూడా ఫ్యాను కావాలనేది. చిన్నదానికి అరిచేది. టీ గ్లాసు చేతిలోంచి జారిపోతే, "సేపల బజారేటి ఇది, అలా ఇసిరేత్తన్నావు?" అని నేను వెటకారం చేశాను.

టౌన్‌షిప్ డాక్టరమ్మ మెడ నొక్కి చూసి రక్తపరీక్ష రాసింది. రిపోర్టు తెచ్చుకోవడానికి డ్యూటీ దిగి నేనే వెళ్లాను. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందనీ, మెడలో గడ్డ ఉందనీ, నెల తిరక్కుండా సిటీలో పెద్ద డాక్టరుకి చూపించమనీ ఒక చీటీ రాసిచ్చింది. గడ్డ అంటే గొంతు కోస్తారని నాకు తెలుసు. తెలుసనుకున్నాను. మా షిఫ్టులో ఒకతని తల్లికి అలా కోశాక మాట బొంగురుపోయింది.

ఇంటికొచ్చి, "ఏం లేదు, ఒట్టి నీరసం" అన్నాను. చీటీని మర్నాడు ప్లాంటులో నా లాకర్లో, పాత హెల్మెట్ కింద పెట్టాను. భయం ఒక కారణం. సెలవులు, ఆసుపత్రి తిరుగుడు, ఇవన్నీ తప్పించుకోవచ్చన్నది ఇంకో కారణం. నిజానికి రెండోదే పెద్దది. ఎనిమిది నెలలు ఆ చీటీ అక్కడే ఉంది.

ఒకరోజు రత్నం మెట్ల మీద కూలబడిపోయింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. నేను డ్యూటీలో ఉన్నాను. ఆమె తమ్ముడు అప్పన్న వచ్చి సిటీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేను పరిగెత్తుకెళ్లేసరికి పెద్ద డాక్టరు అడుగుతున్నాడు, "ఇంతకు ముందు చేయించిన పరీక్షలో ఏమీ తేలలేదా?" అని. రత్నం నా వైపు చూసింది. లేదన్నాను. అది రెండో అబద్ధం.

ముందు మందులతో గుండె దడ తగ్గించారు. తర్వాత డాక్టరు చెప్పిన మాటకి నాకు తల తిరిగింది. కోయక్కర్లేదట. మెడలో ఆ గ్రంథికి అయోడిన్ అంటే ఆకలి. రెండు వారాలు అయోడిన్ తక్కువున్న తిండి పెట్టి, ఆ తర్వాత రేడియో అయోడిన్ మాత్ర మింగిస్తే, గడ్డ దాన్ని తనంతట తనే లాక్కుని మెల్లగా అణిగిపోతుందట. ఎనిమిది నెలలు నేను భయపడింది లేని కత్తికి.

ఆ రెండు వారాలు సముద్రపు చేప, ప్యాకెట్ ఉప్పు నిషేధం. సంగతి తెలియని అప్పన్న వంజరం పట్టుకొచ్చాడు.

"సేప తినొద్దనడమేటి బావా? పుట్టిన కాడ్నుంచి అదే తిన్నాది గదా."

"పదిహేను రోజులేరా. మీ బావకి ఒండెడతాను, నాను వాసన సూత్తాను" అంది రత్నం.

"వాసన్లో ఉండదేటి ఆ అయోడిను?" అన్నాడు వాడు. ఆమె చాలా రోజులకి నవ్వింది. ఆ పులుసు నేను సగంలో వదిలేసి లేచాను.

మాత్ర ఇచ్చినరోజు మందపాటి సీసపు డబ్బాలోంచి తీసి ఇచ్చారు. గ్లాసుడు నీళ్లతో మింగేసి, "ఇంతేనా?" అంది. అంతే. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. కానీ ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి కొద్దిరోజులు ఎవరికీ దగ్గరగా ఉండకూడదన్నారు. వేరే గది, వేరే కంచం, బట్టలు విడిగా ఉతకాలి. మా అమ్మాయికి ద్వారకా నగర్‌లో కోచింగ్, ఆ వారం స్నేహితురాలి హాస్టల్లో ఉంచాం. ఇంట్లో మేమిద్దరం, మధ్యలో ఒక తలుపు.

మూడో రోజు నాది పొద్దుటి షిఫ్టు. నేను బయటికెళ్లగానే ఆమె వీధి తలుపు లోపల గడియ వేసుకోవడం విన్నాను.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. బెల్టు ఆపి మరమ్మతు చేసేటప్పుడు ఎవరూ ఆన్ చేయకుండా స్విచ్‌కి ఎర్ర ట్యాగ్ తగిలిస్తాం, మన పేరు, టైము రాసి. వేసినవాడే తీయాలి. మర్చిపోయి ఇంటికెళ్తే మనిషిని వెనక్కి పిలిపిస్తారు గానీ ఇంకొకడు ముట్టుకోడు. ఆ రోజు పదిన్నరకి నా ట్యాగ్ నేను తీశాను. సంతకం ఉంది, పక్కన ముగ్గురున్నారు. తీస్తూ ఆ చీటీ గురించి అనుకున్నాను. నేను వేసిన ట్యాగ్ అది, నేనే తీయాలి అని. మనసులోనే అనుకున్నాను. పైకి అన్నా ఆ చప్పుడులో ఎవరికీ వినిపించదు.

మూడు కావస్తుండగా ఇంటికొచ్చాను. ఆమె గడియ తీసి, దూరం జరిగి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. బాల్కనీలో ఉండాల్సిన ప్లాస్టిక్ స్టూలు ఆ తలుపు ముందుంది.

"మళ్లీ ఏటి నిలబడ్డావు?" అంది లోపల్నుంచి. "పొద్దున్న సెప్పీసావు గదా."

"ఏం చెప్పాను?"

"ఆ సీటీ సంగతి. నీ లాకర్లో టోపీ కింద ఎట్టీసినావంట గదా. గడియారం సూసాను, పదిన్నర. తలుపవతల కూకొని అంతా సెప్పావు." మళ్లీ తనే అడిగింది, "ట్యాగ్ అంటే ఏటి? నాను ఏసిన ట్యాగ్ నానే తియ్యాలన్నావు."

 ఆ స్టూలు మీదే కూర్చున్నాను.

గడియ ఎవరికి తీశావని అడిగాను. ఎవరికీ తీయలేదంది. నా దగ్గర తాళం ఉందిలే అనుకుందట. లోపలి గడియకి తాళం ఎక్కడిది? నేనొచ్చేసరికి అది వేసే ఉంది. స్టూలు తను ముట్టుకోలేదంది.

తర్వాత డాక్టరుని అడిగితే, ఈ జబ్బులో మనసు ఆందోళనగా ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏవో వినిపించి ఉండొచ్చు అన్నాడు. కావచ్చు. చీటీ గురించి నేనే ఎప్పుడో నిద్రలో పలవరించి ఉండొచ్చు. కానీ ట్యాగ్ మాట ఆ పొద్దుటిది.

పొద్దున వచ్చింది నేను కాదని ఆ సాయంత్రం రత్నానికి చెప్పలేదు. మర్నాడు లాకర్లోంచి చీటీ తెచ్చాను. తలుపు తెరిచి గదిలో ఆ చివర ఆమె, గుమ్మానికి ఇవతల స్టూలు మీద నేను. చీటీ విప్పి చూపించాను. రెండు అబద్ధాలూ ఒప్పుకున్నాను. భయం కంటే బద్ధకమే ఎక్కువన్నది కూడా చెప్పాను. నిన్న పదిన్నరకి నేను ప్లాంటులో ఉన్నాననీ చెప్పాను.

ఆమె మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"నిన్ననే బాగా సెప్పావు" అంది. "నిన్న ఏడ్సావు కూడాను."

అప్పుడు ఏడ్చాను.

ఆర్నెల్లకి గడ్డ బాగా తగ్గింది. చేతులు వణకడం లేదు. ఇప్పుడు గ్రంథి తక్కువగా పనిచేస్తోందని రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి, బతికినంతకాలం. నైట్ షిఫ్టు నుంచి వచ్చినా సరే, ఆ మాత్ర, గ్లాసు నీళ్లు నేనే ఇస్తాను. ఆ డాక్టరుకి, ఆ మందుకి, అప్పన్నకి నేను రుణపడి ఉన్నాను.

ఇంకొకరికి కూడా. ఎవరో తెలియదు. నా గొంతుతో, నా మాటలతో ఆ తలుపు దగ్గర కూర్చున్నది ఎవరైనా, నాకంటే ఒకరోజు ముందు వచ్చారు. వాళ్లు రాకపోతే ఆ చీటీ ఇంకా హెల్మెట్ కిందే ఉండేదని నాకు తెలుసు.