ఒంటికన్ను గాలిమోటరు

వడ్ల మైసన్న తండ్రి కుడి బొటనవేలు దొర ఉండే గడి అరుగు మీద విరిగింది. దానంతట అది విరగలేదు. దొరసాని ఎక్కిన మేనాకు ఆయన చేసిన దండె వాగు నడుమ పర్రుమని చీలింది, దొరసాని నీళ్లలో పడింది. పచ్చికర్ర వద్దని ఆయన ముందే మొత్తుకున్నాడు గానీ పెద్దదొరకు తొందర. అరుగు రాతి మీద చెయ్యి పరిపించి రోకలితో ఒక్క పోటు వేయించాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ కర్ర చెక్కే బాడిస పట్టలేదు. ఊరి మేకలు కాసి బతికాడు. అన్నం ఎడమచేత్తో తినేవాడు. అది ఎవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. మైసన్నకు తండ్రి అంటే ముందుగా గుర్తుకొచ్చేది ఆ వీపే. వడ్రంగం పని మాత్రం నోటితో నేర్పాడు. "బాడిసను పట్టేది చెయ్యి గాదు బిడ్డా, బొటనవేలు. అది పోతే వడ్లోడు పోయినట్టే" అని ఆ వంకరవేలు చూపించేవాడు.

ఊరు ఎల్లారెడ్డి దాటి మంజీర వైపు పోయే బాట మీద ఉంటుంది. నిజాంసాగర్ కట్ట పూర్తయిన కొన్నేండ్లకు పెద్దదొర పోయాడు, కొడుకు దొర అయ్యాడు. మైసన్న అప్పటికి నాగళ్లు, బండ్లే కాక చుట్టుపక్కల ఊర్ల పోశవ్వ దేవత బొమ్మలను కూడా చెక్కి, రంగులు వేసి నిలబెట్టే పనివాడయ్యాడు.

ఒకరోజు పొద్దెక్కాక గడి జవాను రాజలింగు ఒక అట్టపెట్టె తెచ్చి మైసన్న ముంగిట పడేశాడు. చేతిలో ఎప్పుడూ ఉండే గుతుపకర్రతో పెట్టెను తట్టి, "దొర పంపిండు. గాలిమోటరు" అన్నాడు.

"గిండ్ల గాలిమోటరా?" మైసన్న పెళ్లాం లింగవ్వ చేట పక్కన పెట్టి లేచింది. "ఇగ రేపు ఏనుగును గూడ డబ్బల వెట్టి పంపుతడు."

"నోరు ముయ్యి. పుల్లలు లోపలున్నయి, మూత మీద బొమ్మ ఉన్నది. బొమ్మ ఎట్లుంటే గట్ల చెయ్యాలె. కామారెడ్డి నుంచి రైలు సాబు శికారుకు వస్తుండు. ఆయన ముందర దొర ఇజ్జతి నిలవడాలె." పోతూ పోతూ వెనక్కి తిరిగి అన్నాడు. "దొర ఇంకో మాట గూడ చెప్పమన్నడు. మీ అయ్య వేలు యాదికుంచుకొమ్మన్నడు."

పెట్టె బొంబాయి నుంచి వచ్చింది. దొర పట్నం పోయినప్పుడు బేగంపేటలో గాలిమోటరు ఎగరడం చూసి మోజుపడ్డాడట. లోపల అగ్గిపుల్లల వంటి సన్నపుల్లలు, ఉల్లిపొర వంటి కాగితం, జిగురు, రంగుడబ్బీలు, సారావాసన కొట్టే వార్నీషు సీసా ఉన్నాయి. మైసన్న ఒక పుల్లను అరచేతిలో పెట్టి తూచాడు. బొమ్మలు చెక్కే పొణికికర్రే చేతికి తేలికని అనుకునేవాడు, ఇది దానికన్నా తేలిక. బాడిస అంచు తాకించగానే నలిగి పొట్టయింది. బాడిసను పక్కన పెట్టి మంగలి ఇంటికి పోయి క్షవరపు కత్తి అడిగి తెచ్చుకున్నాడు.

కింద ఒక రెక్క, మీద ఒక రెక్క. నడుమ నిట్టాడులు, వాటిని బిగించే దారాలు. రెక్కల లోపలి పుల్లలు చేప ముండ్ల వలె వరుసగా నిలవాలి. పైన కాగితం అంటించి, నోటితో నీళ్లు చిలకరించి నీడలో ఆరబెడితే, డప్పుకు తోలు బిగిసినట్టు బిగిసింది. గోటితో మీటితే టంగుమంది. ఆ చప్పుడుకు లింగవ్వ కూడా నవ్వింది.

"మన కోళ్లగూడు గింతకన్న గట్టిగున్నది" అంది. "గీ పుల్లల కోసం వేలు పోతదానే?"

"పోదు. తక్కువ జెయ్య."

ఉడుత తోక వెంట్రుకల కుంచెతో ఒళ్లంతా వెండిరంగు, ముక్కుకు నీలం వేశాడు. కుంచె నడిపే వేలు ఎక్కడా వణకలేదు. అప్పుడు మూత మీది బొమ్మను మళ్లీ దగ్గరగా చూశాడు. పై రెక్కల మీద రెండు, కింది రెక్కల అడుగున రెండు గుండ్రాలున్నాయి. బయట నీలం, నడుమ తెలుపు, మధ్యలో ఎర్రని గుడ్డు.

"లింగీ, గివేంది?"

ఆమె వంగి చూసింది. "ఏముంటయి, కండ్లు. పోశవ్వ కండ్ల లెక్కనే లేవా? ఎర్రగ."

మైసన్నకూ అట్లాగే తోచింది. ఎగిరేదానికి దారి కనబడాలంటే కండ్లు ఉండాల్సిందే. అయితే కండ్లంటే కుంచె ముంచి వేసేసేవి కావు. బొమ్మకు కండ్లు చిట్టచివర తెరవాలి. చేయించినవాడు కోడినివ్వాలి, దాని నెత్తురు బొమ్మ కాళ్ల మీద పడాలి, ఆ తర్వాతే కుంచె ఎత్తాలి. నెత్తురు ముట్టకుండా తెరిస్తే తొలిచూపు ఎవరి మీద పడితే వాళ్ల నెత్తురు అడుగుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఒక కన్ను తెరిచిన చెయ్యే మిగతావీ తెరవాలి, వేరే చెయ్యి తగలరాదు. తండ్రి చెప్పిన ఈ మాటలు మైసన్న ఎన్నడూ దాటలేదు. కండ్ల చోటు తెల్లగా వదిలేసి, గాలిమోటరును, కుంచెను, రంగులను చేటలో పెట్టుకుని, పసిబిడ్డను మోసినట్టు గడికి మోశాడు.

అరుగు మీద దొర, రైలు సాబు కుర్చీలేసుకుని కూర్చున్నారు. సాబు దాన్ని చూసి లేచి చుట్టూ తిరిగాడు. దారాలను వేలితో తాకి "బహుత్ ఖూబ్" అన్నాడు. దొర మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ క్షణాన మైసన్న వేలు బతికినట్టే.

"ఇక్కడ గోల్ నిషాన్ ఉండాలె గదా?" అని సాబు తెల్లచోట్లు చూపించాడు.

"ఏమ్రా వడ్లోడా, గవెందుకు ఇడిసిపెట్టినవ్?" దొర గొంతు మారింది.

"కండ్లు ఇంక తెరవలే దొరా. తమరు కోడినిస్తే, కోసి, తెరుస్త."

"బొమ్మకు కోడేందిరా?"

"కండ్లున్నదానికి నెత్తురు ముట్టాలె దొరా. లేకుంటే మంచిది గాదు. తమకు చెప్పేటంతోన్ని గాదు."

సాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒక్క ముర్గీయే గదా దొర సాబ్, దేదో! గంత సోచాయిస్తున్నవేంది?"

దొర ముఖం నల్లబడింది. ఊరంతా తన కాళ్ల కింద ఉందని రాత్రంతా సాబుకు చెప్పుకున్న మనిషి. ఇప్పుడొక వడ్లవాడు కోడి అడగడం, తాను లోభివలె కనబడటం. కేకేసి పుంజును తెప్పించాడు. మైసన్న కత్తి తీసేలోపలే దాని మెడ రెండు చేతులతో మెలిపెట్టాడు. కటుక్కుమంది. రెక్కలు కొట్టుకుంటున్న పుంజును మైసన్న ముఖాన విసిరాడు.

"ఇగో నీ కోడి. తెరువు."

మైసన్న కింద పడ్డ పుంజును తిప్పి చూశాడు. ఒక్క చుక్క లేదు.

"నెత్తురు రాలే దొరా."

"నెత్తురు గావాల్నార నీకు?"

గోడకు వేలాడే కొరడా దొర చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియలేదు. మొదటి దెబ్బ వీపు మీద, రెండోది మెడ మీద పడ్డాయి. మూడోది కనుబొమ్మను చీల్చింది. సాబు నవ్వు ఆగిపోయింది. గుర్రాన్ని చూసివస్తానని గొణిగి మెట్లు దిగిపోయాడు. మైసన్న మోకాళ్ల మీద పడ్డాడు, కానీ వెనక్కి పడలేదు. చేటవైపు వంగాడు. కనుబొమ్మ మీద నుంచి కారిన నెత్తురు గాలిమోటరు చక్రాల మీద ఒక్కొక్క చుక్కగా పడింది. అది చూసి అతను ఊపిరి వదిలాడు.

"సాలు దొరా" అన్నాడు. "ముట్టింది. ఇగ తెరుస్త."

మెడలోని తువ్వాలతో కన్ను ఒత్తుకుని, కుంచె నీలంలో ముంచాడు. పై రెక్కల మీది రెండూ తెరిచాడు. జాగ్రత్తగా తిరగేసి కింది రెక్క అడుగున ఎడమది తెరిచాడు. చెయ్యి దారం పట్టినట్టు నడిచింది. అప్పుడు స్తంభం చాటున నిలబడ్డ రాజలింగు ఆపుకోలేక కిసుక్కున నవ్వాడు.

"ఎందుకు నవ్వుతున్నవ్‌రా?" దొర అటు తిరిగాడు.

"ఏం లేదు దొరా... ముట్టింది, సాలు అంటున్నడు. కొలుపుల బైండ్లోనితోటి అన్నట్టు."

ఊర్లో పోశవ్వ కొలుపు జరిగితే కోడిని కోసేవాడు బైండ్లవాడు. మాట దొర చెవిలో పడి లోపలికి దిగడానికి కొంచెం సేపు పట్టింది. దిగాక ఆయన నెమ్మదిగా అడిగాడు. "అంటే నేను నీకు బైండ్లోన్నార, మైసా?"

"అట్ల గాదు దొరా—"

"రోకలి తేరా."

లింగవ్వ గడి బయట నిలబడి ఉంది. ఆమెకు రాయి మీద రోకలి పడ్డ చప్పుడే వినిపించింది, అరుపు వినిపించలేదు. అరుగు మీద ఉడుత తోక కుంచె దొర్లి మెట్టు దగ్గర ఆగింది. గాలిమోటరు ఎక్కడా చెక్కు చెదరలేదు. వేలు పోయింది.

ఊరు విడవడానికి వాళ్లు తెల్లవారే దాకా ఆగలేదు. కామారెడ్డి టేశనుకు వెనకవైపు గుడిసె వేసుకున్నారు. లింగవ్వ మిల్లులో బస్తాలు ఎత్తింది. చెయ్యి వాపు తీశాక బొటనవేలు అరచేతిలోకి వంగి నిలిచిపోయింది, తండ్రిదెట్లా ఉండేదో అట్లాగే. మైసన్న ఆ వేలును చూసుకుంటూ చాలాకాలం ఊరికే కూర్చున్నాడు.

ఒకనాడు లింగవ్వ బాడిస తెచ్చి అతని ఎడమవైపు పెట్టింది. "మేకలు కాద్దమంటే గీడ మేకలు గూడ లేవు" అంది.

ఎడమచెయ్యి మాట వినలేదు. మొదటి దెబ్బకే బాడిస మోకాలి కింద ఎముక దాకా దిగింది. మానాక మళ్లీ పట్టాడు. ఈసారి ఎడమ తొడ తెగింది. "గడిల దొర ఒక్కడే కొట్టిండు, గిప్పుడు నిన్ను నువ్వే కొట్టుకుంటున్నవ్" అని లింగవ్వ గుడ్డలు చింపి కట్టింది. తెడ్లు చేశాడు, పీటలు చేశాడు, బొంగరాలు చేశాడు. బండిచక్రానికి ఆకులుగా కర్రలు దించే నాటికి అతని కాళ్ల నిండా తెల్లని గాట్లున్నాయి.

గడి కబుర్లు ఎల్లారెడ్డి నుంచి వచ్చే బండ్లవాళ్లతో వచ్చేవి. దొర గాలిమోటరును గడి ముందుగది సదరులో తన కుర్చీ మీదుగా వేలాడగట్టించాడు. కింది నుంచి చూస్తే ఒక కన్ను తెరుచుకుని ఉంది, రెండోచోట తెల్లగా ఉంది. మిగిలిన కన్ను తెరవమంటే ఎల్లారెడ్డి వడ్లవాళ్లు దొరకు దండం పెట్టి తప్పుకున్నారు. బిచ్కుంద నుంచి పిలిపించిన రంగులవాడు ఆ కన్నును చూసి, వచ్చిన బండిలోనే తిరిగిపోయాడు. ఆ ఏడు దొర గుర్రం మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. దొరసానికి కడుపు నిలవలేదు. బొమ్మే గదా అని దొర పైకి అనేవాడు, కుర్చీని మాత్రం మూలకు జరిపించుకున్నాడు. మూలకు జరిగినా అది తననే చూస్తున్నట్టు ఉందట. దాన్ని దింపమంటే జీతగాండ్లలో ఒక్కడూ నిచ్చెన ఎక్కలేదు.

ఇంగిలీషోళ్ల లడాయి మొదలైంది. ఒక మధ్యాహ్నం నిజం గాలిమోటరు కామారెడ్డి మీదుగా బాగా కిందుగా ఎగిరిపోయింది. మిల్లు జనమంతా బయటికి ఉరికారు. మైసన్న నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. రెక్కల అడుగున రెండు గుండ్రాలూ ఉన్నాయి.

"రెండు కండ్లూ తెరిచిండ్రు" అన్నాడు. "నెత్తురు బాగనే తాగుతున్నట్టున్నది."

ఆ ఎండాకాలమే రాజలింగు వచ్చాడు. తల నెరిసింది, గుతుపకర్ర మాత్రం అదే. చంకలో కాళ్లు కట్టిన ఎర్రపుంజు ఉంది. గుడిసె ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"దొర కోడిని పంపిండు, మైసన్నా."

రాజలింగు నోట మైసన్న అన్న పిలుపు రావడం అదే మొదటిసారి.

"ఎందుకు?"

"ఎందుకంటే... తెల్వదా? నాలుగోది తెరువాలె. దొర మంచం వట్టిండు. ఎటు ఒత్తిగిలినా ఒంటికన్ను చూస్తున్నదంటుండు. నువ్వస్తె ఇల్లు, జాగ అన్ని ఇస్తడు."

మైసన్న చెక్కుతున్న కర్ర పక్కన పెట్టాడు. కుడిచెయ్యి చాపి, వంగిన వేలు చూపించాడు.

"తెరిచింది గీ చెయ్యి. ముగించాల్సింది గిదే. కుంచె వట్టే వేలు దొర కాడ ఉన్నది. అది తీస్కరా, రేపే వస్త."

"పరాచికాలా?"

"పరాచికం గాదు, ఆచారం. మా అయ్య చెప్పిన మాట దాట."

రాజలింగు పుంజును కింద పడేసి కర్ర ఎత్తాడు. మొదటి దెబ్బ మైసన్న భుజం మీద పడింది, రెండోది చెవి మీద. చెవి నుంచి నెత్తురు కారింది. మూడోసారి కర్ర లేచినప్పుడు మైసన్న ఎడమచేతిలో బాడిస లేచింది. లింగవ్వ అరిచింది. బాడిస రాజలింగు తల మీదికి పోలేదు, దిగుతున్న కర్రకు ఎదురుపోయింది. గుతుపకర్ర కొసనుంచి పిడిదాకా పర్రుమని చీలింది.

రాజలింగు రెండుగా విడిపోయిన కర్రను చూశాడు. తర్వాత ఆ ఎడమచేతిని చూశాడు. అది ఇంకా లేచే ఉంది, వణకడం లేదు.

"దొరకేం చెప్పాలె?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"చూసింది చెప్పు."

అతను వంగి పుంజును తీసుకోబోయాడు. లింగవ్వ అడ్డం వచ్చింది.

"దాన్ని గీడ వెట్టిపో. గంత దూరం మోసుకొచ్చినవ్, మల్ల మోస్తవా? నడుం పోతది."

రాజలింగు పుంజును వదిలేశాడు. చీలిన కర్రముక్కలు రెండూ చంకలో పెట్టుకుని టేశను వైపు నడిచిపోయాడు.

లింగవ్వ పుంజును కోసింది. మిరియం దట్టించి కూర వండింది. మైసన్న చెవికి పసుపు అద్దించుకుని, గుడిసె ముందు పీట వేసుకున్నాడు. అతని ముఖం బాటవైపు ఉంది. బస్తాలవాళ్లు, బండ్లవాళ్లు, రైలుకు పోయేవాళ్లు అందరూ చూస్తూ పోతున్నారు. అతను ఎడమచేత్తో ముద్ద కలుపుకుని, తిన్నాడు.