అవ్వ ఊ కొట్టిన చోటు

మా పక్కింటి నవలాయన పోయాడని మొన్న దేవరకొండ సంతలో తెలిసింది. రామన్నపేట నుంచి వచ్చిన మేకల బేరగాడు పోతు పళ్లు చూస్తూ, "మీ దిక్కు కథల పెద్దాయన లేడా, బిడ్డకాడ ఉంటుండె గదా, పోయిండే. మట్టి గూడ అయిపోయింది" అని, మళ్లీ బేరంలో పడ్డాడు. నేనేం కొనడానికి వచ్చానో ఎంతకీ గుర్తు రాలేదు.

నవలాయన అన్నది మా వాడ పెట్టిన పేరు. అచ్చయిన నవల ఒక్కటీ లేదు. దొరల మీద లేచిన సంఘంలో తిరిగి, దొర గడీ మీద జెండా ఎగరేసి, జైలుకు పోయొచ్చిన మనిషి. తుపాకీ పట్టావా అని ఎవరడిగినా నవ్వి ఊరుకునేవాడు. సాయంత్రం మందలు ఇళ్లకు మళ్లే వేళ, అరుగు మీద కూర్చుని తాను రాస్తున్న నవల చదివేవాడు. కాపర్లు కర్రలకు గడ్డం ఆనించి వినేవాళ్లు.

ఆయనకొక నియమం ఉండేది. కథ వింటే ఊ కొడతాం కదా, నవలకూ కొట్టాలి. ఊ రాని చోట ఆగి, ఆ ముక్కను పెన్సిలుతో కొట్టేసేవాడు. "ఇనేటోనికి పట్టనిది రాసెటోనికెందుకు?" అనేవాడు. ఊ కొట్టడంలోనూ రకాలుంటాయి. మా నాయిన నిద్రలో కూడా ఊ కొట్టేవాడు. రాత్రి అన్నిటికీ ఒప్పుకున్నాడనుకున్న మా అమ్మ తెల్లారి మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సొచ్చేది. నేనేమో బడి ముఖం చూడనివాణ్ని, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని. నేను ఊ అంటే ఆయనకు ఎక్కువ సంతోషం, ఎందుకో మరి. సరే, కథలోకి వస్తాను.

నవలలో ఒక అధ్యాయం ఉంది. సంఘం పేదలకు పంచిన దొర చెలకను, వానకు పండే ఎర్రనేలను, రాజ్యం మారాక, పంచిన నాయకుడే పట్వారీని మంచి చేసుకుని తన పేర రాయించుకుంటాడు. అలాంటివాడు మా ఊళ్లోనూ ఉన్నాడు. జైల్లో నవలాయన పక్కన పడుకున్నవాడే, బయటికొచ్చి గుత్తేదారయ్యాడు. అతని పాలైన చెలక మా వాడ చివరింటి మేకల అవ్వది. ఆ అధ్యాయం చదవబోయే సాయంత్రమే అతను వచ్చి అరుగు ముందు మంచం మీద కూర్చున్నాడు.

"ఏందన్నా, నవలల నన్నేం జేసినవ్? బతికిచ్చినవా, సంపినవా?"

"బతికే ఉన్నవ్ తమ్మీ. గదే కథ."

అందరం నవ్వాం. చదవడం మొదలైంది. చెలక చేతులు మారిన చోట ఆయన ఆగాడు. ఊ రాలేదు. కాపర్లు చెప్పులు చూసుకుంటున్నారు. నేనూ అంతే. ఆయన పెన్సిలు తీశాడు. నియమం నియమమే, కానీ ఆ చెయ్యి కాగితం మీదికి దిగడం లేదు.

"ఊ" అని వినిపించింది వెనక నుంచి. మేకపిల్లను చంకన పెట్టుకుని అవ్వ నిలబడి ఉంది. "ఆగినవేందిరా? నా చెలకనే గదా. సదువు."

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకుని చివరిదాకా చదివాడు.

తెల్లారి గుత్తేదారు మళ్లీ వచ్చాడు. "పట్నంల అచ్చాఫీసోళ్లు నాకెర్కే అన్నా. గా ఒక్క అధ్యాయం తీసెయ్యి, బుక్కు ఏపిస్త."

"నాదేమున్నది? పోయి అవ్వనడుగు. ఆమె తీసెయ్యమంటే తీసేస్త."

అవ్వ ఇల్లు అక్కడికి కనబడుతూనే ఉంది. అతను ఆ దిక్కు నడవలేదు. నవల అచ్చు కాలేదు.

తర్వాత అవ్వ పోయింది. కాపర్లు పనులు వెతుక్కుంటూ తలో దిక్కు పోయారు. అరుగు ముందు నేనొక్కణ్నే మిగిలాను. చూపు తగ్గాక ఆయన్ను బిడ్డ రామన్నపేట తీసుకుపోయింది. కిందటి ఎండాకాలం చూసొద్దామని పోతే, కాగితం లేకుండానే చెలక అధ్యాయం చెప్పాడు. ఆ చోట ఆగాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు. గా జాగ అవ్వది."

కాసేపు చెవి ఒగ్గి, విన్నవాడిలా తలూపి, ముందుకు సాగాడు.

మొన్న సంత నుంచి ఒట్టి చేతులతో వచ్చి, తాళం వేసిన ఆయనింటి అరుగు మీద కూర్చున్నాను. మేకలు మళ్లుతున్నాయి. వాటి డెక్కలకు ఆ చెలక ఎర్రమట్టి. వినీ వినీ నోటికొచ్చిన ఆ అధ్యాయం పైకే మొదలుపెట్టాను. ఆ చోటికి వచ్చి ఆగి, ఆయనలాగే చెవి ఒగ్గాను. మేకలు దాటిపోయాయి. అవి లేపిన దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది.