కోదాడ నాకా దగ్గర విప్పిన ముడుపు

మొన్న మాఘంలో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికి నడిచి వెళ్దామన్నది నేను కాదు, మా ఇంట్లో పాలు పోసే ఎల్లవ్వ. మనవరాలికి అమ్మవారు పోసి తగ్గినప్పుడు మొక్కుకుంది. మొక్కు తీరకపోతే పిల్లకు మళ్లీ వస్తుందని ఆమె భయం. అల్లర్ల రోజులు, తోడు ఎవరూ రామన్నారు. "నాకాల కాడ ఉర్దూల మాట్లాడాలె. నీకు సదువొచ్చు, రా పంతులమ్మా" అంది. దేవుళ్ల మీద నా నమ్మకం ఎప్పుడూ అటూ ఇటూనే. అయినా బయల్దేరాను.

మా సూర్యాపేటలో తెల్లవారుజామున నడక మొదలుపెడితే మునగాల చేరేసరికి పొద్దు వాలుతుంది. మునగాల పరగణా నిజాం రాజ్యం నడుమ ఇండియన్ యూనియన్ ముక్క. అందుకే ఈ దారిలో దేశం సరిహద్దు మూడుసార్లు దాటాలి. మర్నాడు మధ్యాహ్నానికి కోదాడ. మిర్యాలగూడ యాత్రికులు హుజూర్‌నగర్ మీదుగా వచ్చి ఇక్కడే కలుస్తారు. నాలుగు అణాలకు రొట్టె, పప్పు పెట్టిన పూటకూళ్లమ్మ, "జగ్గయ్యపేట దారిలో సోదా గట్టిగా చేస్తున్నారండీ" అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది.

ఊరు దాటాక సరిహద్దు తనిఖీ నాకాలో ఒక ముసలి జవాను మూటలు చూస్తున్నాడు. ఎల్లవ్వ కొంగున పసుపు గుడ్డలో ముడుపు ఉంది. ఏదో దాచామంటాడేమోనని, అతను అడగకముందే, "విప్పి చూపించు ఎల్లవ్వా, గుడ్డే కదా" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, విప్పింది. రూపాయి బిళ్ల, పసుపు కొమ్ము, నాలుగు బియ్యపు గింజలు.

జవాను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎవరు ఇప్పమన్నరమ్మా? ముడుపైతే పైనుంచి తడిమి ఇడిసిపెడ్తం."

"సదువుకున్నామె సెప్పింది గద" అంది ఎల్లవ్వ.

ఇంటి పొయ్యి ముందు కట్టిన ముడి అమ్మవారి ముందే విప్పాలట. మళ్లీ కట్టాలంటే ఆ పొయ్యి దగ్గరికే పోవాలి, రెండు రోజుల దారి. "నువ్వు పో పంతులమ్మా. నేను ఎనుకకు పోత" అంది. తిరుపతమ్మ అంత పట్టింపుగా చూస్తుందా అని అడగబోయి ఆగాను. మూట ఎత్తుకుని ఆమె వెంట వెనక్కి నడిచాను.

మళ్లీ కట్టుకుని వచ్చాం. అదే నాకా, అదే జవాను. ఎల్లవ్వ ముడుపు అతని చేతికిచ్చి, నా వైపు చూపించి, "ఈమెను జర అటు దిక్కు నిలబెట్టు" అంది. అతను నవ్వి, తడిమి ఇచ్చేశాడు.

పెనుగంచిప్రోలులో ఆమె ముడి విప్పుతుంటే పక్కన నిలబడ్డాను. తిరుపతమ్మ చూసిందో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే. వెనక్కి నడిచిన ఆ రెండు రోజుల మీద మాత్రం ఏ అనుమానమూ లేదు. ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట: ముడుపును పైకి కనబడేలా పట్టుకోండి, అడిగేదాకా విప్పకండి. అడిగినా, ముందు అది కట్టినవాళ్లను అడగండి.