అడ్మిషన్ రిజిస్టరులో లేని గడి

1996 జూన్‌లో నన్ను విజయవాడ వన్ టౌన్‌లోని ఒక మున్సిపల్ ప్రాథమికోన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. ప్రాథమికోన్నత అంటే ఏడో తరగతి దాకా ఉండే బడి. చుట్టూ పప్పుల గోదాములు. పిల్లలు హమాలీల ఇళ్ళ నుంచీ, కొట్లలో గుమాస్తాల ఇళ్ళ నుంచీ వచ్చేవారు.

చేరిన వారంలోనే, పండగలకు బడిలో ప్రసాదాలు పంచే ఆనవాయితీ ఇక ఉండదని స్టాఫ్ మీటింగులో ప్రకటించాను. దానికి బదులు ఒక నియమం పెట్టాను. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక పిల్లలంతా వరుసగా కూర్చుని, ఆయా మరియమ్మ చేతి మీదుగా ఒకే పళ్ళెంలోని తీపి తీసుకుని, అక్కడే తినాలి. ఇంటికి పట్టుకుపోకూడదు. మరియమ్మ దళిత క్రైస్తవురాలు. ఆమె ముట్టుకున్నదాన్ని పారేయించే తల్లులు ఆ వీధిలో ఉన్నారని నాకు తెలుసు. కులం నోటి దగ్గర మొదలవుతుంది కనుక నోటి దగ్గరే తెగ్గొట్టాలని నా వాదం. ఆ వాదం తప్పని ఇప్పటికీ అనను.

ఆ ఏడు తీపి పప్పుండలు, అంటే వేరుశనగ గుళ్ళను బెల్లం పాకంలో పట్టి చుట్టిన ఉండలు. నాలుగో తరగతి లలిత చెయ్యి చాపలేదు. పప్పుల కొట్టు గుమాస్తా శేషయ్యగారి కూతురు. నుదుటిన కుంకుమ, మెడలో రక్షరేకు. ఎందుకు తీసుకోవని అడిగాను.

"మా అమ్మ తినొద్దందండీ."

నాకు ఆ మాట చాలింది. మరియమ్మ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, అందరి ముందూ, ఇది మీ ఇల్లు కాదు, ఇక్కడ మనుషులంతా ఒకటే, తినమని గద్దించాను. పిల్ల తలవంచుకుని సగం ఉండ కొరికి మింగింది. నేను కులం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"మాస్టారూ, ఆ మాటలాపి పిల్ల మొహం చూడండి!" అని మరియమ్మ అరిచింది. పెదాలు వాచాయి, ఊపిరి ఈలలా వస్తోంది. మరియమ్మ పళ్ళెం కింద పడేసి, పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది. నేను వెనకాల ఎక్కాను. నర్సింగ్ హోమ్‌లో ఇంజెక్షన్ ఇచ్చాక ఊపిరి కుదుటపడింది. వేరుశనగ ఈ పిల్ల ఒంటికి విషంతో సమానమనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు.

వరండాలో మరియమ్మ నన్ను వదల్లేదు. "నేను పెట్టానని తినలేదనుకున్నారా? బానే ఉంది! ఈ పిల్ల రోజూ నా చేతి నీళ్ళే తాగుద్దండీ. పోయినేడు పల్లీ నోట్లో పెట్టుకుని మూతి వాచిపోతే కడిగింది నేనే. నన్నొక్క మాట అడిగితే మీ పెద్దరికం ఏమన్నా తగ్గుద్దా?"

జాతకాలు చెప్పేవాళ్ళను ఆధారమేదని హేతువాద సభల్లో నిలదీసినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి బొట్టునూ రక్షరేకునూ చూసి ఒక పిల్ల మనసు చదివేశాను. జాతకం చెప్పేవాడు కూడా చేసేది ఇదే.

లలితను ఇక బడికి పంపనని వాళ్ళమ్మ తెగేసి చెప్పింది. మర్నాడు ప్రార్థన సమయంలో తప్పు నాదని పిల్లలకు చెప్పి, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. శేషయ్యగారు కుర్చీ వేశారు. ఆవిడ మాత్రం గుమ్మంలోనే నిలబడి, "మళ్ళీ జెండా పండగొస్తే ఏం పెడతారండీ దీనికి?" అని అడిగింది. లలితకు విడిగా బిస్కెట్లు తెప్పిస్తానన్నాను.

"నాకొక్కదానికే వేరేగా వద్దండీ. ఎందుకని అందరూ అడుగుతారు," అంది లలిత తలుపు చాటు నుంచి.

వేరు పంక్తి ఉండకూడదని రంకెలు వేసిన నేనే, మంచి మనసుతో ఇంకొక వేరు పంక్తి వేయబోయాను. అందరికీ ఒకటే పెడతాననీ, లలిత తినగలిగిందే పెడతాననీ మాట ఇచ్చాను. వారం తర్వాత పిల్ల బడికొచ్చింది.

అడ్మిషన్ రిజిస్టరు తీసి చూశాను. కులానికి గడి ఉంది, మతానికి ఉంది, పుట్టుమచ్చలకు కూడా ఉంది. పిల్ల ఏం తినకూడదో రాసుకునే గడి లేదు. ఎర్ర సిరాతో నేనే గీశాను. ఒక్కొక్క తల్లినీ పిలిచి అడిగించాను. రెండో తరగతి నజీమాకు పుట్టుకతోనే దవడ, చేతివేళ్ళు బలహీనమనీ, గట్టివేవీ నమలలేదనీ అప్పుడు తెలిసింది. మనుషులంతా ఒకటేనని నేను చెప్పిన ఆ వరుసలోనే ఆ పిల్ల పప్పుండను పిడికిట్లో పట్టుకుని కూర్చుందట. నాకు కనబడలేదు.

ఏం పెట్టాలో తేల్చింది మరియమ్మే. "అరటిపండు పెట్టండి. తొక్క తీసేదాకా లోపలికి ఏదీ అంటదు, నమిలే పని లేదు."

జనవరి ఇరవయ్యారున అందరూ అదే వరుసలో, అదే చేతి మీదుగా అరటిపండ్లు తీసుకున్నారు. నజీమా పండుకు లలిత తొక్క తీసిపెట్టింది. లలిత వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి, కూతురు తినడం అయ్యాకే వెళ్ళింది.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి, నమూనాలో లేని గడి ఎందుకు గీశారని సంజాయిషీ అడిగారు. పుట్టుమచ్చ ఎక్కడుందో కావలసిన శాఖకు, ఏది తింటే ప్రాణం పోతుందో అక్కర్లేదా అని రాసిచ్చాను. 2004లో రిటైరయ్యేదాకా ఆ గడి కొట్టేయలేదు.

"అమ్మ ఎందుకు తినొద్దంది?" ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న ఇది ఒక్కటే. ఎదుటివాళ్ళ నమ్మకానికి ఆధారం అడిగేవాడు ముందు తన అనుమానానికి ఆధారం వెతుక్కోవాలి.