ముల్లు నా వెంటే తిరిగిన రోజు

ఆ రోజుల్లో సైన్సు టీచరంటే అన్నీ తెలిసినవాడని జనం అనుకునేవారు. ఉద్యోగం కొత్త కాబట్టి నేనూ అలాగే అనుకునేవాణ్ని. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో కోరుట్లలో మా బడి మూతపడింది. పాఠం ఎవరికి చెప్పాలో తోచక, బడి అయస్కాంతం, దిక్సూచి సంచిలో వేసుకుని సిరిసిల్లలోని అత్తవారింటికి వెళ్లాను.

మామగారిది నేత ఇల్లు. కులపోళ్లు కాదన్నా పట్టుబట్టి, చదువుకున్నవాడని బిడ్డను నాకిచ్చారు. నేను వెళ్లిన మర్నాడే పెరట్లో మగ్గాల షెడ్డుకు, తూర్పు ముఖంగా, గుంజలు పాతాలి. పొద్దున్నే అయస్కాంతం మీద కాగితం పరిచి, కమ్మరి దగ్గర తెచ్చిన ఇనుప రజను చల్లి చూపించాను. రజను ఒక కొస నుంచి మరో కొసకు వంపులు వంపులుగా సర్దుకుంది. "అచ్చం దారాలు పరిచినట్టే ఉన్నదల్లుడా," అన్నారు మామగారు. ఆ మెప్పుకు పొంగిపోయి అయస్కాంతాన్ని లాల్చీ జేబులో వేసుకున్నాను. మబ్బు పట్టి పొద్దు కనిపించకపోవడంతో (నా డైరీలో ఆ రోజు గురించి రాసుకున్నది ఆ మబ్బు మాట ఒక్కటే) దిక్కు తేల్చే పని నా మీద పడింది.

దిక్సూచి నేల మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. ముల్లును బట్టి మేస్త్రి గుంజ పాతాడు. సరిచూద్దామని అవతలికి వెళ్లి కూర్చుంటే ముల్లూ నా వెంటే తిరిగింది. గుంజ పీకారు. ఇంకో పక్కకు జరిగాను. మళ్లీ నా వైపే.

"ఉత్తరం గిన్ని దిక్కుల ఉంటదా సారూ?" అన్నాడు మేస్త్రి.

"కొత్త అల్లుడు గదా, ముల్లు సుత ఆయననే సూస్తున్నది," అన్నారు అత్తగారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. మామగారు మాత్రం నవ్వలేదు. అది నాకు గుచ్చుకుంది.

అప్పుడు నా భార్య మంచినీళ్ల చెంబు అందిస్తూ వంగి, "పొద్దుగాల సూపెట్టిన అయస్కాంతం యాడవెట్టిన్రు?" అని గొణిగింది. గబగబా నీళ్లు తాగి, ఖాళీ చెంబులోకి దాన్ని జారవిడిచాను. ఆమె ఇంట్లోకి నడుస్తుంటే ముల్లు కాసేపు ఆమె వైపు మళ్లి, తర్వాత నెమ్మదిగా ఉత్తరం మీద నిలిచింది.

"పిల్ల లోపలికి పోతెగని దారికి రాలే," అన్నారు అత్తగారు. ఈసారి మామగారూ నవ్వారు.

అయస్కాంతం ప్రభావం కాగితం అంచుతో ఆగిపోదని బడిలో ఎన్నిసార్లు చెప్పానో. నాకు తెలిసింది మాత్రం ఆ పెరట్లోనే.

మొన్న జగిత్యాలలో మా ఇంట్లో, ఫోన్లో దిక్కులు చూస్తూ ఏమీ సరిగా కనిపించక విసుక్కుంటుంటే, వంటింట్లోంచి ఆమె, "ముందుగాల జేబు సూసుకోండ్రి," అంది.

చూసుకున్నాను. అయస్కాంతం లేదు, కళ్లద్దాలున్నాయి.