గుట్టమీద నీలం బండ

తొంభైల మొదట్లో నేను భూగోళశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. సందర్శకుల రాకతో ఊళ్లు ఎలా మారతాయన్నది నా పరిశోధనాంశం. మక్తల్ దగ్గర మా మేనత్త వాళ్ల ఊరి గుట్టమీద గులాబీ, నలుపు చారలతో ఓ పెద్ద బండ ఉండేది. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి వేడికి, ఒత్తిడికి ఏర్పడిన చారలవి. వాటిని చూపిస్తానని మా మేడమ్‌నూ తోటి విద్యార్థులనూ బస్సులో తీసుకెళ్లాను. వస్తున్నామని సర్పంచ్ నర్సింలుగారికి ముందే కబురు పంపాను.

గుట్ట ఎక్కి చూస్తే బండ మొత్తానికీ నీలం పెయింటు! దానిమీద తెల్లటి అక్షరాలతో ‘స్వాగతం’.

“గిదేంది సర్పంచ్ సాబ్? చారలేవి?” అన్నాను ఏడుపు గొంతుతో.

“పాత బండ, అంత మరకలే ఉండెనమ్మా. పట్నపోళ్లు చూస్తే ఊరి ఇజ్జత్ పోతదని రంగేపిచ్చినం. మంచిగ లేదా?” అన్నారాయన ఆశగా.

మేడమ్ గడియారం చూసుకున్నారు. నేను మేనత్త ఇంటికి పరుగెత్తి, కిరసనాయిలు తెచ్చి, నా చున్నీతోనే రుద్దాను. చేతులు మండాయి తప్ప చారలు బయటపడలేదు. మాకోసం చల్ల తెచ్చిన ఊరి ఆడవాళ్లు ముంతలు పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. ఎవరిని తిట్టను?

సందర్శకులు వచ్చాక ఊళ్లు మారతాయని పుస్తకాల్లో చదివాను. ఇక్కడ వస్తారన్న మాటకే మారిపోయింది. ఇప్పటికీ ఒళ్లు మండే సంగతేమిటంటే, ఆ తర్వాత జనం నిజంగానే రావడం మొదలుపెట్టారు. నీలం బండ ముందు ఫొటో దిగడానికి!

– షాహీన్, మహబూబ్‌నగర్