తార్నాకకు వచ్చిన సముద్రపు చేప

సముద్రం పక్కన పుట్టినవాళ్లకి సముద్రం మీద పెద్దగా మోజు ఉండదు. నాకైతే బొత్తిగా లేదు. మా విశాఖపట్నంలో చేప అంటే పులుసు, కాదంటే వేపుడు. అంతకు మించి దాని మొహంలోకి చూసినవాళ్లం కాదు. అలాంటిది, తార్నాకలో మా పక్క వాటాలో అద్దెకున్న ఇన్నయ్య ఒక సముద్రపు చేపను బతికుండగా ఇంట్లో పెంచుతానని బయలుదేరితే, నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఇన్నయ్యది జనగామ పక్కన పల్లె. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం. ఆ ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది ఇతనే. యూనివర్సిటీలో పరీక్షల ఆఫీసులో గుమాస్తాగా కుదిరాడు. తల వంచుకుని వెళ్లడం, తల వంచుకుని రావడం. గట్టిగా తుమ్మినా ఎవరికి ఇబ్బందయిందో అని చుట్టూ చూసే రకం. భార్య రాములమ్మ దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడ కుళాయి దగ్గర నోరు విప్పితే మౌలాలి గుట్ట మీదివాళ్లకు కూడా మా ఇంటి సంగతులు తెలిసిపోతాయేమోనని నాకు భయంగా ఉండేది. నేను దగ్గర్లోని బడిలో టీచర్ని. ఎవరేం చేసినా తప్పులు పట్టడం నా వృత్తి, కొంచెం స్వభావం కూడా.

అరవై ఏడులో ఆఫీసువాళ్లు కలిసి విశాఖపట్నం యాత్రకు వెళ్లారు. ఇన్నయ్య సముద్రం చూడటం అదే మొదలు. తిరిగొచ్చిన మనిషి సంచి కూడా దించకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు.

"టీచరమ్మా! సముద్రం ఒడ్డుకు రాళ్లున్నయ్ గదా, ఆ రాళ్ల నడుమ గుంటలున్నయ్. గుంటల నీళ్లు అద్దం లెక్క ఉన్నయ్. అండ్ల చేపలు! పసుపువి, నల్ల పట్టీలవి, నీలివి! నేను గంట సేపు గాడనే కూసున్న. మా బస్సు పోతుంటె ఉరికి ఎక్కిన."

"అవునా? మేం వాటికేసి చూడనైనా చూడమయ్యా. కూరకి పనికిరావు" అన్నాను.

"కూరకు కాదమ్మా, ఇంట్ల పెట్టుకుంట" అన్నాడు. అతని గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు.

అప్పటి నుంచి మా వసారాకు శాంతి లేదు. అంబర్‌పేటలో ఒక కమ్మరి చేత ఇనప చట్రం వేయించి, నాలుగు వైపులా అద్దాలు బిగించి తొట్టి చేయించాడు. ఇక చేపలు రావాలి. మా తమ్ముడు పేరయ్య విశాఖ హార్బర్లో పనిచేస్తాడు కనుక ఆ పని నా నెత్తిన పడింది. "మంచి చేపలు చూసి పంపరా, మా పక్కింటి ఇన్నయ్యగారు ముచ్చటపడుతున్నారు" అని కబురు పెట్టాను. ఫలానా రోజు రైల్లో వస్తాయని వాడి నుంచి జవాబు. ఇన్నయ్య సికింద్రాబాద్ స్టేషన్‌కు బిందెడు ఉప్పునీళ్లతో వెళ్లాడు, దారిలో చేపలకు నీళ్లు తగ్గి ఉంటాయేమోనని.

పార్సిల్లో గంప వచ్చింది. గంపలో ఊక, ఊకలో ఐసు, ఐసులో నవనవలాడే చందువ చేపలు. ఇన్నయ్య గంపను మా ముందు దించి ఏడుపు గొంతుతో అన్నాడు.

"టీచరమ్మా, అన్ని సచ్చిపోయినయ్!"

తప్పు పేరయ్యది కాదు. హైదరాబాదులో ఉన్న మావాళ్లు సముద్రపు చేప కావాలన్నారంటే నోరు చచ్చిపోయి అడిగారని మా వైపు అర్థం. వాడు మార్కెట్లోకల్లా మంచివి ఏరి పంపాడు. ఆ పూట రెండు వాటాల వాళ్లం కలిసి పులుసు పెట్టుకున్నాం. ఇన్నయ్య దిగులుగానే కూర్చున్నాడు కానీ మళ్లీ వడ్డించుకున్నాడు.

రెండోసారి నేను విషయం విడమరిచి చెప్పాను. పేరయ్య ఏదో పని మీద వస్తూ వెడల్పు మూతి కుండలో రంగురంగుల చేపలు, పెద్ద గాజు జాడీల్లో సముద్రపు నీళ్లు తెచ్చాడు. అబ్బ, ఆ రోజు చూడాలి! అడిక్‌మెట్ నుంచి కాలేజీ కుర్రాళ్లు సైకిళ్లేసుకుని వచ్చారు. నేను పుట్టిన ఊరి చేపల్ని నేనే తొట్టికి ముక్కు ఆనించి చూశాను. ఎంత అందంగా ఉన్నాయో! ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదా అని నా మీద నాకే కోపం వచ్చింది.

కానీ వారం తిరిగేలోపు నీళ్లు టీ రంగుకు మారాయి. చేపలు ఒకటొకటిగా తేలిపోయాయి. ఇన్నయ్య ఆ నీళ్లను సీసాలో పోసుకుని జంతుశాస్త్రం లెక్చరరు గారి దగ్గరకు పరుగెత్తాడు. ఉప్పునీళ్లకు ఇనుము పనికిరాదని ఆయన చెప్పారు. రెండో తప్పు ఇన్నయ్య స్వయంగా చేసుకున్నది. తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లు పోశాడు.

"చారు మరిగిందనుకో, ఉప్పెక్కుతది. నీళ్లు పోస్తరా, మల్ల ఉప్పు పోస్తరా?" అంది రాములమ్మ. "నన్ను అడుగుతె చెప్పకపోదునా?"

ఇన్నయ్య వెనక్కి తగ్గలేదు. జుమేరాత్ బజారులో పాత సామాన్లలో వెతికి, పెద్ద బ్యాటరీలకు వాడే గాజు జాడీ ఒకటి మోసుకొచ్చాడు. ఎక్కడా ఇనుము లేదు. గాలి కోసం లారీ ట్యూబు నిండా గాలి కొట్టి, దానికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి, క్లిప్పుతో బిగించాడు. గాలి కొంచెం కొంచెంగా జాడీలోకి బుడగలై వచ్చేది. ట్యూబు మెత్తబడగానే సైకిలు పంపుతో మళ్లీ కొట్టాలి. మా వసారాలో అడుగుపెట్టినవాళ్లు ఎవరైనా సరే, పంపు కొట్టాకే కాఫీ. మా ఆయన సుందరరావు గారైతే దొడ్డిదారిన రావడం మొదలుపెట్టారు.

ఈసారి పేరయ్య ఇంకా అందమైన చేపలు పంపాడు. నీళ్లు తేటగా ఉన్నాయి, గాలి సరిగ్గా ఉంది. అవి మాత్రం ఏం పెట్టినా ముట్టలేదు. మూలకు నక్కి, చిక్కిపోయి, అలాగే పోయాయి.

ఆఖరిదాన్ని ఇన్నయ్య అరచేతిలో పట్టుకుని వసారాలో కూర్చున్నప్పుడు రాములమ్మ బయటికొచ్చింది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మా అయ్య కోడిని కోస్తడు, నేను కూరొండుత. కడుపు కోసం చంపినం, తిన్నం, అయిపాయె. చూస్తందుకు చంపుడేందయ్యా? కండ్లకు ఆకలైతదా?"

అతను చేపను రెండో చేత్తో కప్పాడు.

"ఇంకొక్కసారి. ఇంకొక్క పానం పోయిందంటే ఈ జాడీని నా చేతుల్తోని పలగ్గొడుత. ఆ మీద ఈ ఇంట్ల చేప ముచ్చట ఉండొద్దు. సరేనా?"

"సరే" అన్నాడు ఇన్నయ్య. మాట ఇస్తే తప్పే మనిషి కాడు. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషికి తన కోసమని పుట్టిన కోరిక అదొక్కటే. ఇక ఒక్క అవకాశం మిగిలింది. రాములమ్మ అన్నదాంట్లో తప్పు లేదని నాకు తెలుసు, అయినా ఆ క్షణంలో ఆవిడ మీద నాకు ఒళ్లు మండింది.

"ఈసారి సముద్రం కాడికి నేను గూడ వస్త" అంది ఆవిడ. "మీరు ఎట్ల ఏరుతరో సూస్త."

దసరా సెలవులకు నేను పుట్టింటికి వెళుతూ ఇద్దరినీ వెంటబెట్టుకుపోయాను. సముద్రం చూడగానే రాములమ్మ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, ఉప్పు తగలగానే ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్లుండి ఒక్క మడి పారదా అక్కా?" అంది. మా సముద్రం తరఫున నాకు రోషం వచ్చింది.

నీరు వెనక్కి తగ్గిన వేళ చూసి రాళ్ల మీదికి వెళ్లాం. ఇన్నయ్య నేరుగా అలల పక్కనున్న గుంటల దగ్గర చతికిలబడ్డాడు. "అగో, ఆ నీలిది! రాములూ, జూడు! ఆ పట్టీలది!" అంటూ చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు. రాములమ్మ వాటిని ఒక చూపు చూసింది.

"మా అయ్య అంగడికి పోతే కొమ్ములకు రంగేసిన ఎడ్లకెల్లి సూసేటోడే కాదు. చారెడు గడ్డి చేత పట్టి నిలబడేటోడు. కొత్తోని చేతిల గడ్డి తిన్నదా, అదే మన ఎద్దు."

ఒడ్డున అమ్మే ఆవిడ దగ్గర కొన్న రొయ్యల్ని చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కో గుంటలో వేస్తూ నడిచింది. నీలివి, పసుపువి చటుక్కున రాళ్ల కిందికి పోయాయి. బయటికి రాలేదు. ఇన్నయ్య మొహం వాడిపోయింది. పైకి పోయిన కొద్దీ గుంటలు చిన్నవయ్యాయి. అన్నిటికన్నా పైనున్న గుంటలోకి అల రావడం లేదు. నేను చెయ్యి పెట్టి చూస్తే స్నానానికి కాచిన నీళ్లలా వెచ్చగా ఉంది. రాములమ్మ ముక్క వేసింది. రాతి కింద నుంచి ఒక చేప తటాలున వచ్చి దాన్ని మింగేసింది. మట్టి రంగు, పెద్ద తల, వెడల్పు నోరు. మింగి పారిపోలేదు, ఇంకో ముక్క కోసం అక్కడే నిలబడింది.

"గిదే!" అని రాములమ్మ కేక పెట్టింది.

"గిదా?" అన్నాడు ఇన్నయ్య. "దీనికి రంగేది? తార్నాకల అందరు నవ్వుతరే!"

"నవ్వనీ. సచ్చినదాన్ని జూసి ఏడ్చేకన్నా నయమే గదా. ఎండకు కాగింది, వాన నీళ్లు పడ్డా ఓర్సుకున్నది. ఇది తార్నాకల బతుకుతది."

"పోనీ రెండు తీస్కుందాం."

"ఒక్కటే. ఒక్క పానానికి జవాబు చెప్పుకుంట. రెండింటికి నాతోని కాదు."

ఏరడం ఒక ఎత్తు, పట్టడం ఒక ఎత్తు. అది చేతుల్లోంచి జారి, రాయెక్కి, పక్క గుంటలోకి దూకింది. ఇన్నయ్య దాని వెనక పడి మోకాళ్లు గీరుకున్నాడు. నేను చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, "ఇటు! ఇటొచ్చింది! మూసెయ్!" అని అరిచాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఎవరైనా చూస్తే ఏమయ్యేదో! చివరికి ముగ్గురం తడిసి ముద్దయ్యాక తువ్వాలుతో పట్టాం. ఇన్నయ్య దాన్ని కుండలో వదులుతూ నవ్వాడు. రంగు సంగతి అప్పటికే మరిచిపోయాడు.

తిరుగు ప్రయాణంలో కుండ రాములమ్మ ఒళ్లోంచి దిగలేదు. లారీ ట్యూబు మా సీటు కింద. రైలు పెట్టెలోవాళ్లంతా వంతులు వేసుకుని పంపు కొట్టారు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన "కుండలో ఏముందమ్మా?" అని అడిగితే, ఆవిడ ఎంతో గొప్పగా "సముద్రం" అంది.

ఇల్లు చేరి జాడీలో వదిలాం. అది రాతి కిందికి దూరింది. అంతే, బయటికి రాలేదు. ఎండు రొయ్య వేశాం, ఉడికిన గుడ్డు వేశాం, ముట్టలేదు. ఒకరోజు గడిచింది, మరో రోజు గడిచింది. ఇన్నయ్య కూడా అన్నం సరిగా తినడం మానేశాడు. ఇంతలో ఫలితాల పని ఉందని ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు.

"రాములూ, నేనొచ్చేసరికి అది పోతె నాకు సూపియ్యకు. జాడీ నీ ఇష్టం."

అతను వెళ్లగానే రాములమ్మ కుళాయి కింద తడి మట్టి తవ్వి ఒక ఎర్రను, అంటే వానపామును పట్టింది. శుభ్రంగా కడిగి, రెండు వేళ్లతో పట్టుకుని, మోచేతి దాకా జాడీలో పెట్టింది. నేను పంపు కొడుతున్నాను.

"తిను బిడ్డా. నేనే నిన్ను ఏరుకున్న. నా ఇజ్జత్ తీయకు. తిను."

ఆవిడ చెయ్యి నొప్పితో లాగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ కదల్లేదు. రాతి కింద ముందు తల కనిపించింది. ఆగింది. తర్వాత ఒక్క ఉదుటున వచ్చి ఎర్రను లాక్కుంది. రాములమ్మ పెట్టిన కేకకు నా చేతిలో పంపు కిందపడింది. నేను తేరుకునే లోపు ఆవిడ రోడ్డు మీద ఉంది, చెప్పుల్లేవు, రవిక చెయ్యి తడిసి నీళ్లు కారుతోంది. వెనక నేను పరుగు. ఆవిడ ఎన్నడూ యూనివర్సిటీ గేటు దాటలేదు. దారి అడుగుతూ, ఆగకుండా, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి పరుగెత్తింది. మెట్ల మీద కూర్చున్న విద్యార్థులు సమ్మె మొదలైందేమోనని లేచి నిలబడ్డారు.

ఆఫీసు హాల్లో ఇన్నయ్య ఆవిడను చూసి లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకు ఆయాసంతో మాట రావడం లేదు.

"పోయిందా?" అన్నాడు మెల్లగా. "సరే తియ్. పలగ్గొట్టు. నేనేం అన."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "తిన్నదయ్యా! నా చేతులకెల్లి గుంజుకొని తిన్నది!"

తల వంచుకుని తిరిగే ఇన్నయ్య, ఆ హాలంతా వినేలా, "సార్, నా చేప తిన్నది!" అని అరిచాడు. సూపరింటెండెంటు కళ్లద్దాలు పైకెత్తి చూసి, "మరి ఇంకా ఇక్కడే ఉన్నావేమయ్యా?" అన్నారు.

ఇంటికొచ్చాక రాములమ్మ అతన్ని జాడీ దగ్గర కూర్చోబెట్టి చేతికి ఇంకో ఎర్ర ఇచ్చింది. ఈసారి చేప ఎక్కువ సేపు ఆలోచించలేదు. అది వేళ్ల మధ్య నుంచి ఎర్రను లాక్కున్నప్పుడు ఇన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చాలు రాములూ" అన్నాడు. "గిదొక్కటి బతికితె చాలు. ఇంకోటి అడుగ."

"ఒక్కటే ఉంటె దానికి ఎట్ల తోస్తది?" అంది రాములమ్మ. "ఎండకాలం సెలవులల్ల మల్ల పోదాం."

ఇన్నయ్య చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది. తలెత్తి ఆవిడను చూసి, "పోదాం. గని నువ్వే ఏరాలె" అన్నాడు.